‘జూనియర్ బానర్’: ఎనిమిది సెకన్ల గెలుపు, చేతులు మారిన భూమి

వయసు మీద పడుతున్న రోడియో రౌతు ఒకడు జులై 4న జరిగే అమెరికా స్వాతంత్ర్య దినోత్సవ సంబరాలకు సొంత ఊరు చేరుకుంటాడు. అప్పటికే తండ్రి భూమి చేతులు మారింది. ఇల్లు కూలగొడుతున్నారు. తల్లీ తండ్రీ విడివిడిగా ఉంటున్నారు. తమ్ముడు స్థలాల వ్యాపారంలో పైకి వస్తున్నాడు. ఇతని దగ్గర మాత్రం ఒక కాడిలాక్ కారు, దాని వెనుక గుర్రాన్ని ఎక్కించిన ట్రైలరు, కట్టు కట్టిన పక్కటెముకలు తప్ప మరేమీ లేవు. పోటీలో దిగడానికి కట్టాల్సిన రుసుముకు కూడా జేబు ఖాళీ. సామ్ పెకిన్‌పా దర్శకత్వంలో, స్టీవ్ మెక్వీన్ కథానాయకుడిగా 1972లో వచ్చిన ‘జూనియర్ బానర్’లో కథ అని చెప్పుకోదగ్గది దాదాపుగా ఇదే. ఇందులో హత్య లేదు, పగ లేదు, పగ తీర్చుకోవడం లేదు. అంతకు మూడేళ్ళ ముందే తెర నిండా తుపాకులు పేల్చి, నెత్తురు పారించి పేరు తెచ్చుకున్న దర్శకుడు ఇంత నెమ్మదైన కుటుంబ కథ తీయడం ఆనాటి ప్రేక్షకులకు కొరుకుడు పడలేదు. సినిమా డబ్బు తేలేదు. ఎవరినీ కాల్చని సినిమా ఒకటి తీస్తే దాన్ని చూడటానికి ఎవరూ రాలేదన్న అర్థంలో పెకిన్‌పా తరువాత అన్నట్లు చెప్పే మాట చాలా ప్రసిద్ధం.

దీన్ని ఎద్దు మీద సవారీ చేసే మనిషి సినిమాగా మాత్రమే చూస్తే సగమే దక్కుతుందని నా అభిప్రాయం. భూమి అమ్ముకున్న ఒక కుటుంబం, ఆ అమ్మకం తరువాత ఎవరి దారి వారు వెతుక్కునే తీరు, ఈ చిత్రానికి అసలు విషయం. ఎద్దు దానికి ఒక సాకు. అమెరికాలో అరిజోనా కొండల మధ్య జరిగిన ఈ కథ కోనసీమలోనో, భీమవరం వైపో పుట్టి పెరిగిన ప్రేక్షకుడికి పరాయిగా అనిపించకపోవడానికి కారణం కూడా అదే.

రోడియో గురించి తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. పశువుల మందలను మేపుకొనే రౌతులు పచ్చిక మైదానాల్లో రోజూ చేసే పనుల నుంచి, అంటే దూడను తాడు వేసి పట్టడం, పొగరుబోతు గుర్రాన్ని లొంగదీయడం వంటి వాటి నుంచి పుట్టిన పోటీ అది. మెక్సికో పశుపాలకుల నుంచి ఆ విద్య ఉత్తరానికి వచ్చింది. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎద్దు సవారీ. మన పక్క రాష్ట్రపు జల్లికట్టులో మనిషి ఎద్దు మూపురాన్ని పట్టుకొని వేలాడతాడు; రోడియోలో ఎద్దు వీపు మీదే కూర్చుంటాడు. ఒంటి చేత్తో దాని ఛాతీ చుట్టూ బిగించిన తాడును పట్టుకోవాలి. రెండో చెయ్యి గాలిలోనే ఉండాలి. అది ఎద్దుకు తగిలితే ఆ సవారీ చెల్లదు. ఎనిమిది సెకన్లు నిలబడితేనే మార్కులు. ఆ మార్కులు నూటికి వేస్తారు, అందులో సగం రౌతువి, సగం ఎద్దువి. అంటే మెతక ఎద్దు వంతుకు వస్తే ఎంత చక్కగా కూర్చున్నా లాభం ఉండదు. గెలవాలనుకునేవాడు మొండి ఎద్దునే కోరుకోవాలి. రౌతు కొద్దీ గుర్రం అని మన పెద్దలు అంటారు గాని, అక్కడ లెక్క తిరగబడి ఎద్దు కొద్దీ రౌతు అవుతుంది. ఈ రౌతులకు జీతం ఉండదు. రుసుము ఎవరిది వారే కట్టుకోవాలి, గెలిస్తే డబ్బు, పడిపోతే ఎముకలకు కట్లు. ఊరి నుంచి ఊరికి సొంత ఖర్చులతో తిరగాలి. ఈ లెక్క తెలిస్తేనే కథానాయకుడు తనను పడగొట్టిన ‘సన్‌షైన్’ అనే ఎద్దునే మళ్ళీ ఎందుకు కోరుకుంటాడో అర్థమవుతుంది. చీటీలలో ఎవరికి ఏ ఎద్దు వస్తే అది ఎక్కాలన్నది నియమం. ఇతడు పశువులను సరఫరా చేసే కాంట్రాక్టరు బక్ రోన్ దగ్గరికి వెళ్ళి, ఆ ఎద్దును తన వంతుకు వచ్చేలా చేస్తే బహుమతిలో సగం ఇస్తానని బేరం పెడతాడు. లంచం ఇచ్చి తేలికైన పని సంపాదించుకునే వారిని చూశాము గాని, లంచం ఇచ్చి మరీ ప్రాణాంతకమైన పనిని కోరుకునే మనిషిని తెర మీద చూడటం అరుదు.

ఇక ఇల్లు సంగతి. నా దృష్టిలో ఈ చిత్రానికి గుండెకాయ మొదటి అరగంటలో ఉంది. జూనియర్ ఎండిన నేల మీదుగా కారు నడుపుకొంటూ తండ్రి స్థలానికి వస్తాడు. అక్కడ మట్టి తవ్వే యంత్రాలు తిరుగుతూ ఉంటాయి, లారీలు వస్తూ పోతూ ఉంటాయి, దుమ్ము లేస్తూ ఉంటుంది. కారుకు ఎదురుగా ఒక లోడరు వచ్చి నిలుస్తుంది. దాని ముందున్న తొట్టి పైకి లేచి ఉంటుంది. యంత్రం వెనక్కి తగ్గదు. నడిపేవాడికి ఇతనెవరో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఎద్దు ముందు వెనకడుగు వేయని మనిషి ఆ యంత్రం ముందు కారును వెనక్కి నడుపుకొంటాడు. ఒక్క సంభాషణ లేకుండా, ఒక్క కన్నీటి చుక్క లేకుండా ఈ దృశ్యం చెప్పిన దాన్ని మన సినిమాలలో అయితే పది నిమిషాల ప్రసంగంతో చెప్పి ఉండేవారు. తరువాత ఇల్లు కూలే దృశ్యం వస్తుంది. పెకిన్‌పా దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, చూస్తున్నవాడి ముఖాన్ని వాటి మధ్య అతికించాడు. చెక్కలు విరిగి, గోడ ఒరిగి, కప్పు కూలిపోతుంది. మెక్వీన్ ముఖంలో కదలిక చాలా తక్కువ. ఆ తక్కువలోనే అంతా ఉంది.

ఈ దృశ్యం చూస్తున్నప్పుడు మన డెల్టాలో వాడు పరాయి చోట ఉన్నట్లు కూర్చోలేడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలువల నీరు పారడం మొదలైనప్పటి నుంచి ఇక్కడి కుటుంబాల లెక్కలన్నీ ఎకరాలలోనే సాగాయి. పెళ్ళి సంబంధానికి, పంపకానికి, పంతానికి కూడా ఎకరమే కొలత. ఇప్పుడు రోడ్డు పక్కన ఉన్న చేను గజాలలోకి మారుతోంది. మెట్ట ప్రాంతం నుంచి టిప్పర్లలో ఎర్రటి గ్రావెల్ తెచ్చి పల్లపు చేలను పూడుస్తారు, పంట బోదె ఉన్న చోట తూము వేసి పైన దారి తీస్తారు, నాలుగు మూలలా రంగు వేసిన సిమెంటు రాళ్ళు పాతుతారు, ముందు ఒక ఆర్చీ కడతారు. పడమటి డెల్టాలోని ఆకివీడు, ఉండి, భీమవరం ఊళ్ళ చుట్టూ వరి చేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయినప్పుడు కూడా మొదట వచ్చింది పొక్లెయినే. మండువా లోగిళ్ళను కూల్చేటప్పుడు ముందుగా టేకు దూలాలను, చెక్కుడు పని ఉన్న ద్వారబంధాలను జాగ్రత్తగా ఊడదీసి అమ్ముకుంటారు. ఆ తరువాతే గోడల మీదికి యంత్రం వస్తుంది. ఆ వరుస తెలిసినవాడికి, సినిమాలో ఆ యంత్రం పాత ఇంటి మీదికి ఏ జాగ్రత్తా లేకుండా వచ్చిపడటం మరింత గట్టిగా తగులుతుంది. ఇక్కడ అమ్ముకోవడానికి ఒక దూలమైనా మిగలదు.

భూమి ఎలా పోయిందన్నది చిత్రం ఒక్కసారిగా చెప్పదు. ఒక మాట ఇక్కడ, ఒక మాట అక్కడ జారవిడుస్తుంది. తండ్రి ఏస్ బానర్ ఒకప్పుడు తానూ పేరున్న రోడియో రౌతు. మాటకారి, ఆడవారి వెంట తిరిగినవాడు, బంగారం వెతుకుతానంటూ డబ్బు పోగొట్టుకున్నవాడు. భూమి చిన్న కొడుకు కర్లీ చేతికి వచ్చింది. కర్లీ అక్కడ చక్రాల ఇళ్ళు నిలుపుకొనే స్థలాలు వేసి అమ్ముతున్నాడు. తల్లిని కూడా ఆమె ఇంటిని వదిలి తన వెంచర్‌లోకి వచ్చి, అక్కడ వచ్చేపోయేవారికి జ్ఞాపికలు అమ్మే చిన్న దుకాణం చూసుకోమంటున్నాడు. అన్నను కూడా తన దగ్గర చేరమంటాడు. అన్నదమ్ముల మధ్య జరిగే సంభాషణ ఈ చిత్రానికి రెండో గొప్ప ఘట్టం. ఒక స్థలం అమ్మినా సరే, నూరు అమ్మినా సరే, మనమంతా ఒక్కచోట ఉంటే చాలునని తమ్ముడు అంటాడు. నా దారి నాదని అన్న అంటాడు. ఏ దారి, నేను మొదటి పది లక్షల డాలర్ల పనిలో ఉంటే నువ్వు ఇంకా ఎనిమిది సెకన్ల పనిలోనే ఉన్నావన్న అర్థంలో తమ్ముడు ఎత్తిపొడుస్తాడు. ఈ ఇద్దరి మధ్య మాటలతో తేలని సంగతి చేతులదాకా కూడా వెళుతుంది.

కర్లీని ప్రతినాయకుడిగా చూడటం తేలిక. జో డాన్ బేకర్ నటన జాగ్రత్తగా చూస్తే అలా అనడం కష్టం. అతని గొంతులో గర్వం ఉంది, దాని వెనుక చిన్నప్పటి నుంచీ తండ్రి కళ్ళలో అన్న తరువాతి స్థానమే దక్కినవాడి ఉక్రోషం ఉంది, దాని వెనుక నిజమైన ప్రేమ కూడా ఉంది. తండ్రి పేరు పెట్టింది పెద్దవాడికి. ఇంటి భారం మోస్తున్నది చిన్నవాడు. ఈ సినిమాను నాతో కలిసి చూసిన మా పెద మావయ్య, వయసులో ఉన్నప్పుడు సంక్రాంతి ఎడ్ల పరుగు పందేలలో బండి తోలినవాడు, కర్లీ వైపే నిలబడ్డాడు. “ఒరేయ్, ఆ తమ్ముడి మాటలో తప్పేముందిరా? ఆ తల్లిని ఎవరు చూస్తున్నారు? ఈయన ఏడాదికోసారి వచ్చి ఎద్దెక్కి పోతాడు, జనం చప్పట్లు కొడతారు. ఊళ్ళో ఉన్నోడికి ఎవరు కొడతార్రా చప్పట్లు?” అన్నాడు. అది విన్నాక నేను సినిమాను మరోసారి చూశాను. ఆయన మాటను తీసిపారేయడం కష్టం. ఈ చిత్రం మొగ్గు వెళ్ళిపోయేవారి వైపే ఉంది. వెళ్ళిపోయేవాడు అందగాడు, మితభాషి, కెమెరా అతని మీద ప్రేమతో నిలుస్తుంది. ఉండిపోయేవాడు లావుగా, బిగ్గరగా, నవ్వించేలా కనిపిస్తాడు. గల్ఫుకో, హైదరాబాదుకో, అమెరికాకో పోయిన అన్నదమ్ములు పండగకు కార్లలో దిగి, అరుగు మీద కూర్చొని, చేలు అమ్మేశావేమిటని అడిగే ఊళ్ళలో ఉన్నవారికి ఈ మొగ్గు కొంచెం గుచ్చుకోకుండా ఉండదు. పెకిన్‌పాకు, రచయిత జెబ్ రోజ్‌బ్రూక్‌కు ఈ సంగతి తెలియదని అనలేను. తెలిసే అన్న పక్షం వహించారు. నేనైతే కర్లీకి మరో రెండు దృశ్యాలు ఇచ్చి ఉండేవాడిని, ముఖ్యంగా అతనొక్కడే తెర మీద ఉండే దృశ్యం ఒకటి.

తల్లి ఎల్విరాగా ఐడా లుపినో, తండ్రిగా రాబర్ట్ ప్రెస్టన్. ఇద్దరూ 1918లో పుట్టారు, మెక్వీన్ 1930లో. అంటే తల్లిదండ్రులకూ కొడుక్కూ మధ్య తేడా పన్నెండేళ్ళే. మన సినిమాలకు ఇది కొత్త కాదు గనుక నవ్వుకొని ముందుకు పోవచ్చు. విచిత్రం ఏమిటంటే తెర మీద ఆ తేడా ఒక్కసారి కూడా అడ్డు రాదు. లుపినో తనంతట తానే సినిమాలు తీసిన దర్శకురాలు, 1950లలో హాలీవుడ్‌లో ఆ పని చేసిన అతికొద్ది మంది ఆడవారిలో ఒకరు. ఇక్కడ ఆమె చేసిందల్లా మితంగా ఉండటం. పెద్ద కొడుకు వచ్చినప్పుడు ఆమె ముఖంలో వెలుగు వస్తుంది, వెంటనే అతని నడకలోని కుంటును చూసి ఆ వెలుగు సర్దుకుంటుంది. దాని గురించి ఒక్క మాట అనదు. కొడుకు కుంటుతున్నాడని తెలుసు, వద్దంటే వినడనీ తెలుసు. అలాంటి తల్లులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు గాని, మన తెర మీద వారు ఏడవకుండా కనిపించడం తక్కువ.

భార్యాభర్తల ఘట్టం ఒక మెట్ల దగ్గర జరుగుతుంది. ఏస్ ఆస్ట్రేలియా వెళతాడట. అక్కడ గొర్రెలు పెంచుతాడట, బంగారం తవ్వుతాడట. ఇలాంటి మాటలు ఎల్విరా జీవితమంతా విన్నది. మొదట కోపగిస్తుంది, నీవన్నీ కలలూ తీపి మాటలే అన్న ధోరణిలో దులిపేస్తుంది. కాసేపటికి ఇద్దరూ కలిసి మెట్లెక్కి పైకి వెళతారు. ఆమె అతన్ని క్షమించలేదు, అతను మారలేదు, అతని ప్రయాణం ఆగదు. అయినా ఆ ఒక్క పూట వారిది. వయసు మళ్ళిన భార్యాభర్తల మధ్య కోరికను ఇంత మర్యాదగా, ఇంత నిర్మొహమాటంగా చూపిన దృశ్యాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ప్రెస్టన్ పాత్ర చేతిలో ఎంత సొమ్ము పెట్టినా మిగలని మనిషిది. అతన్ని తిట్టుకుంటూనే అతను తెర మీదికి ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూస్తాము. కొడుకులిద్దరి జీవితాలూ ఎందుకు అలా తయారయ్యాయో అతన్ని చూస్తేనే తెలుస్తుంది: ఒకడు తండ్రిలాగే ఉండాలనుకున్నాడు, ఒకడు తండ్రిలాగా ఎప్పటికీ ఉండకూడదనుకున్నాడు.

తండ్రీ పెద్దకొడుకూ రైల్వే స్టేషన్‌లో కూర్చునే దృశ్యాన్ని నేను అన్నిటికంటే పైన పెడతాను. ఊరేగింపు మధ్య నుంచి తండ్రీకొడుకులు ఒకే గుర్రం మీద పెరళ్ళలోంచి పడుతూ లేస్తూ తప్పించుకుని అక్కడికి చేరతారు. నవ్వులాటగా మొదలవుతుంది. ఆస్ట్రేలియాకు పెట్టుబడి పెట్టమని తండ్రి అడుగుతాడు. తన దగ్గర ఏమీ లేదని కొడుకు చెబుతాడు. తండ్రి ముఖంలో నమ్మకం లేకపోవడం, తరువాత నమ్మడం, తరువాత సిగ్గు, ఆ సిగ్గు కోపంగా మారడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చేత్తో కొట్టి కొడుకు టోపీని ఎగరగొడతాడు. రౌతుకు టోపీ తలపాగా వంటిది. ఆ ఒక్క దెబ్బతో పేరున్న కొడుకు కూడా తనలాగే ఖాళీ చేతులతో తిరుగుతున్నాడన్న ఆశాభంగం అంతా బయటపడుతుంది. కొడుకు ఎదురు చెప్పడు. తాను పోటీకి తిరిగే ఊళ్ళలో ఎవరి చెయ్యీ పడనిచ్చే మనిషి కాదు. ఇక్కడ మాత్రం పడనిస్తాడు. మెక్వీన్ పేరు చెబితే వేగంగా నడిచే కార్లు, మోటారు సైకిళ్ళు గుర్తుకు వచ్చే వారికి, ఈ ఒక్క దృశ్యం చాలు, అతను ఎంత లోతైన నటుడో తెలియడానికి.

బరిలో జరిగే పోటీలను పెకిన్‌పా తీసిన తీరు గురించి కొంత చెప్పాలి. సినిమా మొదట్లోనే తెరను ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక ముక్కలో ఎద్దు, ఒక ముక్కలో రౌతు, ఒక ముక్కలో ప్రయాణం చూపిస్తాడు. అది ఆ కాలపు మోజు. ఇప్పుడు చూస్తే కొంత పాతబడినట్లు ఉంటుంది. పోటీల మధ్యలో వేగాన్ని తగ్గించి, మళ్ళీ పెంచి, పడిపోయే శరీరాన్ని నాలుగు వైపుల నుంచి చూపే విద్య మాత్రం పాతబడలేదు. ఛాయాగ్రాహకుడు లూసియన్ బాలర్డ్ ఎండను, దుమ్మును, చెమటతో తడిసిన చొక్కాలను దాచకుండా చూపాడు. చివరి సవారీ ఎనిమిది సెకన్లు తెర మీద అంతకన్నా ఎక్కువసేపే సాగుతుంది గాని, చూసేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ఈ సవారీ ముందు కథానాయకుడు చేతికి తాడు చుట్టుకునే తీరును గమనించండి. తాడును బిగించి, అరచేతిలో మడిచి, పిడికిలి మూసి, దాని మీద రెండో చేత్తో గుద్దుతాడు. పట్టు సడలకూడదు; అదే సమయంలో పడిపోతే చెయ్యి ఇరుక్కోకుండా ఊడి రావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని తేడాలోనే అతని వృత్తి అంతా ఉంది. మా మావయ్య అక్కడ మాత్రం ఏమీ వ్యాఖ్యానించకుండా ముందుకు వంగి చూశాడు.

బక్ రోన్‌గా వేసిన బెన్ జాన్సన్ సినిమా వాడు కాకముందు నుంచీ నిజమైన పశువుల రౌతు. 1953లో జంటగా తాడు వేసే పోటీలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అందుకే అతను ఫెన్సింగు మీద చేతులు ఆనించి ఎద్దుల వంక చూసే చూపులో నటన అన్నది కనిపించదు. జూనియర్‌కు తన దగ్గర ఉద్యోగం ఇస్తానన్నప్పుడు ఆ మాటలో జాలి లేకుండా చూసుకోవడం ఇంకా గొప్ప సంగతి. తండ్రీకొడుకులు కలిసి బరిలో అడవి ఆవు పాలు పితికే పోటీలో దిగే ఘట్టం అచ్చమైన హాస్యం. వారు గెలవరు, ఆ వయసులో ఆ తండ్రి ఆ దుమ్ములో పరుగెత్తడమే చూడవలసిన వినోదం.

ఊరిని వాడుకున్న తీరు కూడా మెచ్చుకోదగ్గది. ఈ కథ జరిగే అరిజోనాలోని ప్రెస్కాట్ పట్టణంలో 1888 నుంచి రోడియో జరుగుతోంది. ప్రపంచంలోకెల్లా పాత రోడియో తమదేనని ఆ ఊరివారు చెప్పుకుంటారు. చిత్ర బృందం 1971లో నిజంగా పండగ జరుగుతున్నప్పుడే అక్కడ షూటింగ్ చేసింది. ఊరేగింపు, వీధుల్లో జనం, బరి చుట్టూ బల్లల మీద కూర్చున్నవారు చాలావరకు ఆ ఊరివారే. విస్కీ రో అనే వీధిలో ఉన్న పేలెస్ బార్ కూడా నిజమైనదే. 1900లో ఆ వీధి తగలబడినప్పుడు తాగుతున్నవారు బార్‌లో మద్యం వడ్డించే బల్లను మోసుకొని ఎదుటి మైదానంలోకి చేర్చారని ఊరివారు గర్వంగా చెప్పుకునే కథ ఉంది. మన కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు గ్రామాల ప్రభలు చేరినప్పుడు, కౌశిక పాయలోంచి ప్రభను భుజాల మీద ఎత్తుకొని దాటించేటప్పుడు ఉండే జనాన్ని ఏ దర్శకుడూ జూనియర్ ఆర్టిస్టులతో సృష్టించలేడు. పెకిన్‌పా ఆ సత్యాన్ని గ్రహించి, పండగను కట్టుకథగా తయారు చేయకుండా, పండగలోకే కెమెరాతో వెళ్ళాడు. మన తెలుగు దర్శకులు ఎందుకో తీర్థాన్ని సెట్టు వేసి తీయడానికే ఇష్టపడతారు.

లోపాలు లేవనలేను. షార్మేన్ అనే యువతితో కథానాయకుడి పరిచయం ఎందుకు పెట్టారో తెలియదు. ఆమెగా వేసిన బార్బరా లీ అందంగా ఉంది; పాత్రలో అంతకు మించి ఏమీ రాయలేదు. కర్లీ భార్య రూత్‌ను రచయిత దాదాపు మరచిపోయాడు. భూమి ఎలా అమ్ముడైంది, ఇల్లు ఎలా నడుస్తోంది అన్న సంగతులు ఆమె నోట వింటే కథ బలపడి ఉండేది. పేలెస్ బార్‌లో గొడవ మొదట సరదాగా ఉన్నా, ఎంతసేపటికీ తెమలదు. కుటుంబ వృత్తాంతాన్ని చెప్పే సంభాషణలు అక్కడక్కడా జనం గోలలో కలిసిపోతాయి. మొదటి సారి చూసేవారు తండ్రి భూమి సంగతిని పూర్తిగా పట్టుకోలేకపోవచ్చు.

జంతువుల విషయంలో నేటి ప్రేక్షకుడికి ఇబ్బంది కలగవచ్చు. ఈ సినిమాలో దూడలను తాడు వేసి నేలకు కొట్టడం, గుర్రాలు ఎగిరిపడటం నిజమైన పోటీల నుంచే వచ్చాయి. మన దేశంలో 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల బండి పందేలను నిషేధించడం, 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను అదే కోర్టు సమర్థించడం, ఈ మధ్యలో జరిగిన వాదోపవాదాలు తెలిసినవారు ఈ దృశ్యాలను అమాయకంగా చూడలేరు. సినిమా ఈ ప్రశ్న అడగదు. 1972లో దాన్ని అడిగేవారు తక్కువ. ఎద్దును క్రూరమైనదిగా చూపకపోవడం మాత్రం దానికి ఉన్న ఒక మంచి గుణం. సన్‌షైన్ ఎవరి మీదా పగ పట్టలేదు. వీపు మీద కూర్చున్నదాన్ని పడేయడం దాని పని, పడిపోకుండా ఉండటం ఇతని పని.

ముగింపు తెలిస్తే చూసే ఆనందం పోయే రకం సినిమా కాదు గనుక చెప్పవచ్చు: జూనియర్ గెలుస్తాడు. ఆ గెలుపు వల్ల ఇల్లు తిరిగి రాదు, అన్నదమ్ముల మధ్య దూరం తగ్గదు, తల్లిదండ్రులు ఒకే కప్పు కిందికి రారు. గెలిచిన డబ్బుతో అతను ప్రయాణ టికెట్లు అమ్మే కార్యాలయానికి వెళ్ళి, తండ్రికి ఆస్ట్రేలియాకు మొదటి తరగతి టికెట్ కొంటాడు, వెళ్ళడానికి మాత్రమే, తిరిగి రావడానికి కాదు. తల్లి దగ్గర సెలవు తీసుకొని కారెక్కి పోతాడు. రైల్వే స్టేషన్‌లో తండ్రికి ఇవ్వలేనిది ఇప్పుడు ఇచ్చాడు. ఈ పని మంచిదేనా అని నేను చాలాసేపు ఆలోచించాను. బంగారం పేరుతో భూమినీ కాపురాన్నీ పోగొట్టుకున్న మనిషిని మరో బంగారం వేటకు పంపడం కొడుకు చేయదగిన పనేనా? కర్లీ అయితే పంపడు; తండ్రిని కూడా తన వెంచర్‌లోనే ఎక్కడో కూర్చోబెట్టి నెలనెలా ఖర్చుకు ఇస్తాడు. ఇద్దరిలో ఎవరు తండ్రిని ఎక్కువ గౌరవించారో దర్శకుడు తేల్చి చెప్పలేదు. చెప్పకపోవడమే ఈ సినిమాకు మేలు చేసింది.

చూడదలచుకున్నవారికి కొన్ని సూచనలు. నిడివి సుమారు వంద నిమిషాలు. ఇంటిల్లిపాదీ కలిసి చూడవచ్చు. పైన చెప్పిన జంతువుల దృశ్యాలు, బార్ గొడవ, రెండు మూడు చోట్ల తాగుడు, ముద్దు తప్ప ఇబ్బందికరమైన దృశ్యాలు లేవు. అరిజోనా మాండలికం, బరిలో మైకు గోల కలిసి మాటలు స్పష్టంగా వినబడవు, కాబట్టి ఉపశీర్షికలు ఉన్న ప్రతినే ఎంచుకోవడం మంచిది. ఫోనులో కాకుండా టీవీలో చూడండి. మెక్వీన్ ముఖంలో జరిగేదంతా చిన్న తెర మీద కనిపించకుండా పోతుంది. పోటీల కోసం చూసేవారు మొదటి అరగంట ఓపిక పట్టాలి; కుటుంబం కోసం చూసేవారికి ఆ అరగంటే అసలైనది. ఇంట్లో పొలం పంపకాల మాటలు నడుస్తూ ఉంటే మాత్రం సంక్రాంతికి అందరూ చేరినప్పుడు ఈ సినిమా పెట్టకండి. మా ఇంట్లో సినిమా అయిపోయాక కర్లీ పక్షం, జూనియర్ పక్షం అంటూ మొదలైన వాదన భోజనాల దాకా ఆగలేదు.